జెండర్ అధ్యయనం, న్యాయశాస్త్రం జంట పట్టా

జెండర్ అధ్యయనం, న్యాయశాస్త్రం జంట పట్టా అనగా ఒకే విద్యార్థి ఏకకాలంలో న్యాయశాస్త్రంలో ఒక పట్టాను, జెండర్ లేదా మహిళా అధ్యయనంలో ఒక స్నాతకోత్తర పట్టాను పొందే విద్యాక్రమం. ఇది ప్రధానంగా అమెరికా సంయుక్త రాష్ట్రాల విశ్వవిద్యాలయాలలో రూపుదిద్దుకున్నది. అక్కడ న్యాయవాద వృత్తిలో ప్రవేశానికి చదివే పట్టాను జూరిస్ డాక్టర్ అని, సంక్షిప్తంగా జె.డి. అని అంటారు. జె.డి.కి మూడు సంవత్సరాలు, ఎం.ఏ.కు రెండు సంవత్సరాలు పడతాయి. విడివిడిగా చదివితే ఐదు సంవత్సరాలు పట్టే ఈ రెండు చదువులు జంటగా చదివితే సాధారణంగా నాలుగు సంవత్సరాలలో పూర్తవుతాయి.

ఒక సంవత్సరం కలిసిరావడం పైకి కనిపించే లాభం మాత్రమే. చట్టంలో రాసి ఉన్న సమానత్వం కోర్టు గదిలోకి వచ్చేసరికి ఎవరికి దక్కుతున్నది, ఎవరికి దక్కడం లేదు అన్న ప్రశ్నకు న్యాయశాస్త్రం ఒక్కటే సమాధానం చెప్పలేకపోవడం ఈ రెండు శాస్త్రాల కలయికకు అసలు కారణం. భారతదేశంలో బార్ కౌన్సిల్ నిబంధనల వలన ఈ రెండింటినీ రెగ్యులర్ పద్ధతిలో ఒకేసారి చదవడానికి వీలు లేదు. ఇక్కడి విద్యార్థులు వీటిని ఒకదాని తరువాత ఒకటిగా చదువుతారు, లేదా ఒకదానిని దూరవిద్యలో చదువుతారు.

పేరు

రెండు వేర్వేరు పట్టాలను సమాంతరంగా చదివి రెండు పట్టాలు పొందడాన్ని జంట పట్టా అని, రెండు విభాగాలు కలిసి ఒకే పాఠ్యప్రణాళికను తయారుచేసి నడిపేదానిని ఉమ్మడి పట్టా అని అంటారు. ఆచరణలో విశ్వవిద్యాలయాలు ఈ భేదాన్ని అంతగా పాటించవు. ప్రవేశం కోరే విద్యార్థి పేరును బట్టి కాక, రెండు విభాగాలూ పరస్పరం ఎన్ని క్రెడిట్లను అంగీకరిస్తాయో దానిని బట్టి కార్యక్రమాన్ని అంచనా వేయవలసి ఉంటుంది.

జెండర్ అన్న మాటకు తెలుగులో స్థిరపడిన సమానార్థకం లేదు. లింగం అన్న పదం వ్యాకరణంలో ఒక అర్థంలోను, జీవశాస్త్రంలో మరొక అర్థంలోను, శైవంలో ఇంకొక అర్థంలోను వాడుకలో ఉన్నది. పుట్టుకతో వచ్చే శరీర భేదానికి, సమాజం ఆ భేదానికి తగిలించిన పాత్రలకు మధ్య ఉన్న తేడాను చూపడానికే జెండర్ అన్న పదం పుట్టినది కనుక, తెలుగు స్త్రీవాద రచయితలు ఎక్కువగా ఆ మాటనే యథాతథంగా వాడుతున్నారు. తొలినాళ్లలో మహిళా అధ్యయనం అన్న పేరుతో మొదలైన విభాగాలు అనేకం తరువాతి కాలంలో జెండర్, లైంగికత అన్న మాటలను తమ పేర్లలో చేర్చుకున్నాయి.

చరిత్ర

అమెరికాలో న్యాయ కళాశాలలు చాలాకాలం స్త్రీలకు తలుపులు మూసి ఉంచాయి. హార్వర్డ్ న్యాయ కళాశాల 1950 వరకు స్త్రీలను చేర్చుకోలేదు. 1944లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో తన తరగతిలో ఏకైక మహిళగా ఉండి ప్రథమ స్థానం పొందిన నల్లజాతి న్యాయవాది పౌలీ ముర్రే, పై చదువుకు హార్వర్డ్‌కు దరఖాస్తు చేయగా స్త్రీ అన్న కారణంతో తిరస్కరణకు గురయ్యారు. జాతి వివక్షకు అమెరికాలో వాడుకలో ఉన్న జిమ్ క్రో అన్న పేరును అనుసరించి, నల్లజాతి స్త్రీలు ఎదుర్కొనే వివక్షకు ఆమె జేన్ క్రో అని పేరు పెట్టారు. మేరీ ఈస్ట్‌వుడ్‌తో కలిసి 1965లో ఆమె ప్రచురించిన వ్యాసం, జాతి వివక్షపై వాడిన న్యాయవాదనలను స్త్రీల విషయంలోనూ వాడవచ్చునని చూపినది. మృతుల ఆస్తి నిర్వహణలో పురుషులకు ప్రాధాన్యమిచ్చిన ఐడహో రాష్ట్ర చట్టాన్ని 1971లో రీడ్ వర్సెస్ రీడ్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసినది. ఆ కేసులో వాదనాపత్రాన్ని తయారుచేసిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, ముర్రేకు తాము పడిన రుణానికి గుర్తుగా ఆమె పేరును కూడా దానిపై చేర్చారు.

ఇదే కాలంలో మరొక వైపు మహిళా అధ్యయనం విశ్వవిద్యాలయ విషయంగా రూపొందినది. 1970లో శాన్ డియాగో స్టేట్ కళాశాలలో ప్రారంభమైన కార్యక్రమం అమెరికాలో ఈ తరహాలో మొదటిదిగా పేర్కొనబడుతున్నది. విద్యాసంస్థలలో లింగవివక్షను నిషేధించిన 1972 నాటి చట్టం తరువాత న్యాయ కళాశాలల్లో విద్యార్థినుల సంఖ్య వేగంగా పెరిగినది. 2016 నాటికి అమెరికా న్యాయ విద్యార్థులలో స్త్రీలే అధిక సంఖ్యాకులయ్యారు. హార్వర్డ్‌లో 1978లోను, యేల్‌లో 1989లోను స్త్రీలు, చట్టం అన్న విషయానికే ప్రత్యేకించిన న్యాయ పత్రికలు వెలువడ్డాయి.

జంట పట్టా అన్న ఏర్పాటు లేని రోజులలో ఈ రెండు రంగాలను సొంత ప్రయత్నంతో కలిపినవారిలో కాథరిన్ మెక్‌కిన్నన్ ముఖ్యురాలు. ఆమె 1977లో యేల్ నుండి న్యాయ పట్టాను, 1987లో అక్కడి నుండే రాజనీతి శాస్త్రంలో పిహెచ్.డి.ని పొందారు. విద్యార్థినిగా ఉండగానే ఆమె మొదలుపెట్టిన పరిశీలన 1979లో పుస్తకంగా వెలువడినది. ఉద్యోగ స్థలంలో లైంగిక వేధింపు వ్యక్తిగత వ్యవహారం కాదని, అది లింగవివక్ష అని ఆ పుస్తకం వాదించినది. 1986లో మెరిటర్ సేవింగ్స్ బ్యాంక్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదాన్ని అంగీకరించినది.

న్యాయశాస్త్రాన్ని, మహిళా అధ్యయనాన్ని అధికారికంగా జతచేసిన కార్యక్రమాలలో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి విశ్వవిద్యాలయం ప్రవేశపెట్టిన జె.డి., ఎం.ఏ. ఉమ్మడి కార్యక్రమం పేరెన్నికగన్నది. తమది అమెరికాలోనే మొదటిదని ఆ విశ్వవిద్యాలయం చెప్పుకున్నది. ఇంగ్లండులో ఈ పద్ధతి భిన్నంగా ఉన్నది. లండన్‌లోని సోయాస్ వంటి చోట్ల రెండు పట్టాలకు బదులుగా జెండర్, న్యాయం కలిపి బోధించే ఒకే స్నాతకోత్తర పట్టా మార్గాన్ని ఎంచుకున్నారు.

చదువు సాగే తీరు

అమెరికన్ బార్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం జె.డి. పట్టాకు కనీసం 83 క్రెడిట్లు అవసరం. అందులో కనీసం 64 క్రెడిట్లు న్యాయ కళాశాల తరగతులలోనే సంపాదించాలి. మిగిలిన క్రెడిట్లలో కొంత భాగాన్ని ఇతర విభాగాల నుండి తెచ్చుకోవడానికి ఈ వ్యత్యాసమే అవకాశం కల్పిస్తున్నది. జంట పట్టాలో ఒక సంవత్సరం ఆదా కావడం వెనుక ఉన్న రహస్యం ఇంతే. జెండర్ విభాగంలో చదివిన కొన్ని కోర్సులను న్యాయ కళాశాల, న్యాయ కళాశాలలో చదివిన కొన్ని కోర్సులను జెండర్ విభాగం తమవిగా లెక్కవేసుకుంటాయి. ఒకే కోర్సు రెండు చోట్లా లెక్కకు వస్తుంది.

విద్యార్థి రెండు విభాగాలకూ వేర్వేరుగా దరఖాస్తు చేసి వేర్వేరుగా ఎంపిక కావలసి ఉంటుంది. ఒక చోట సీటు రావడం రెండో చోట ప్రవేశానికి హామీ కాదు. న్యాయ కళాశాలకు ఎల్‌శాట్ అనే ప్రవేశ పరీక్ష ఆనవాయితీగా ఉన్నది. 2021 నవంబరులో తీసుకున్న నిర్ణయంతో జి.ఆర్.ఇ. మార్కులను కూడా అంగీకరించడానికి న్యాయ కళాశాలలకు వెసులుబాటు కలిగినది. కొన్ని చోట్ల న్యాయ కళాశాలలో మొదటి సంవత్సరం చదువుతూ ఉండగా ఎం.ఏ.కు దరఖాస్తు చేయనిస్తారు.

న్యాయ కళాశాల మొదటి సంవత్సరాన్ని సాధారణంగా విడదీయరు. ఒప్పందాలు, అపకృత్యాలు, ఆస్తి, నేర చట్టం, సివిల్ విధానం, రాజ్యాంగం వంటి విషయాలు అందరికీ తప్పనిసరి. ఎం.ఏ. కోర్సులు రెండో సంవత్సరం నుండి కలుస్తాయి, లేదా మొదట ఒక సంవత్సరం పూర్తిగా ఎం.ఏ. చదివి తరువాత న్యాయంలోకి వెళతారు. ఎం.ఏ. చివర సిద్ధాంతవ్యాసం కానీ, పరీక్ష కానీ, క్షేత్రపని కానీ ఉంటుంది.

ఈ చదువులో విద్యార్థులను ఎక్కువగా తికమకపెట్టేది రచనా పద్ధతి. న్యాయ కళాశాలలో సమస్య ఏమిటి, వర్తించే నియమం ఏది, అది ఈ వాస్తవాలకు ఎలా వర్తిస్తుంది, తేలినది ఏమిటి అన్న క్రమంలో పొడిపొడిగా రాయాలి. వ్యక్తిగత అభిప్రాయానికి అక్కడ తావు తక్కువ. జెండర్ విభాగంలో ఆ సమస్యను సమస్యగా నిర్ణయించినది ఎవరు, వాస్తవాల జాబితాలోకి రానివి ఏవి అన్న ప్రశ్నలతో వ్యాసం మొదలవుతుంది. ఒకచోట మెప్పు పొందిన వ్యాసం రెండోచోట లోపభూయిష్టంగా కనిపించడం అరుదు కాదు. ఉల్లేఖన పద్ధతులు కూడా వేరే. న్యాయ విద్యార్థులు బ్లూబుక్ అనే నియమావళిని అనుసరిస్తే, మానవీయ శాస్త్రాల విభాగాలు ఎం.ఎల్.ఏ., షికాగో వంటి పద్ధతులను అనుసరిస్తాయి.

ఒకే కేసు, రెండు పఠనాలు

ఈ రెండు శాస్త్రాలు కలిసినప్పుడు ఏమి జరుగుతుందో తెలియజెప్పడానికి తరగతులలో తరచుగా చర్చించే కేసు డిగ్రాఫెన్‌రీడ్ వర్సెస్ జనరల్ మోటార్స్. 1976లో సెయింట్ లూయిస్‌లోని ఫెడరల్ జిల్లా కోర్టు దీనిలో తీర్పు చెప్పినది. అయిదుగురు నల్లజాతి మహిళలు ఈ దావా వేశారు. 1964కు ముందు ఆ కంపెనీ నల్లజాతి స్త్రీలను పనిలోకి తీసుకోలేదు. ఆ తరువాత ఆర్థిక మాంద్యం వచ్చి, చివర చేరినవారిని ముందు తొలగించే సీనియారిటీ సూత్రాన్ని అమలుచేసినప్పుడు, 1970 తరువాత చేరిన నల్లజాతి స్త్రీలందరూ ఉద్యోగాలు కోల్పోయారు. సీనియారిటీ అందరికీ ఒకటే నియమం. కానీ పూర్వం తలుపు మూసి ఉంచిన వారికి సీనియారిటీ ఎలా వస్తుందన్నది వాదుల ప్రశ్న.

కోర్టు ఈ వాదాన్ని ఒప్పుకోలేదు. కంపెనీ స్త్రీలను తీసుకున్నది కనుక లింగవివక్ష లేదన్నది. ఆ స్త్రీలు తెల్లజాతివారు. జాతివివక్ష ఫిర్యాదును నల్లజాతి కార్మికులు వేసిన మరొక దావాలో కలుపుకొమ్మన్నది. జాతిని, లింగాన్ని జోడించి చట్టంలో లేని కొత్త పరిహారాన్ని సృష్టించడం కుదరదని చెప్పినది. 1977లో అప్పీలు కోర్టు లింగవివక్ష భాగంలో కింది కోర్టు నిర్ణయాన్ని నిలబెట్టినా, జాతివివక్ష విషయంలో దాని తర్కంతో పూర్తిగా ఏకీభవించలేదు.

న్యాయశాస్త్రం మాత్రమే చదివిన విద్యార్థికి ఈ తీర్పులో పెద్ద లోపం కనపడకపోవచ్చు. చట్టంలోని ఒక్కొక్క పదాన్ని విడివిడిగా చదివితే అది సరిగానే తోస్తుంది. న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్షా 1989లో షికాగో విశ్వవిద్యాలయ న్యాయ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో ఈ తీర్పును పరిశీలించి, వివక్షను ఒక్కొక్క గీతగా గీసే పద్ధతిలోనే లోపం ఉన్నదని చూపారు. నాలుగు రోడ్ల కూడలిలో నిలుచున్న మనిషికి ప్రమాదం ఏ దిక్కు నుండి అయినా, ఒకేసారి అన్ని దిక్కుల నుండి అయినా రావచ్చునన్నది ఆమె ఇచ్చిన పోలిక. ఇంటర్‌సెక్షనాలిటీ అన్న పదం ఆ వ్యాసంతోనే వాడుకలోకి వచ్చినది. ఈ పదాన్ని ఇప్పుడు సాహిత్య విమర్శ నుండి ప్రజారోగ్యం వరకు అందరూ వాడుతున్నారు. అయితే అది ఒక కర్మాగారంలో ఉద్యోగాల కోతపై వచ్చిన తీర్పును చదవడంలో నుండి పుట్టినదన్న సంగతి తరచు మరుగునపడుతున్నది.

భారతదేశంలో ఇటువంటి స్థానం మధుర కేసుగా ప్రసిద్ధమైన తుకారాం వర్సెస్ మహారాష్ట్ర ప్రభుత్వం కేసుది. 1972 మార్చిలో మహారాష్ట్రలోని దేశాయ్‌గంజ్ పోలీసు స్టేషనులో ఒక ఆదివాసీ బాలికపై అత్యాచారం చేశారని ఇద్దరు పోలీసులపై అభియోగం. సెషన్స్ కోర్టు వారిని విడుదల చేయగా, బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 1976లో శిక్ష విధించినది. 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసినది. శరీరంపై గాయాలు లేవు, ప్రతిఘటించిన ఆనవాళ్లు లేవు కనుక సమ్మతి ఉన్నదన్నది ఆ తీర్పు సారాంశం.

1979 సెప్టెంబరులో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు, ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరు అని ఆ లేఖ గుర్తుచేసినది. రాత్రివేళ పోలీసు స్టేషనులో, ఇద్దరు పోలీసుల ఎదుట, పేద ఆదివాసీ బాలిక మౌనానికి అర్థం ఏమిటన్నది న్యాయసూత్రాలతో మాత్రమే తేలే ప్రశ్న కాదు. అధికారం, కులం, వయస్సు, లింగం ఒక చోట చేరినప్పుడు కాదు అనే అవకాశం ఎవరికి ఉంటుందో తెలిస్తే తప్ప సమ్మతి అన్న మాటను నిర్వచించలేము. ఈ లేఖ దేశవ్యాప్త ఉద్యమానికి దారితీసినది. 1983లో నేర చట్టాలను సవరించి, నిర్బంధంలో జరిగిన అత్యాచారం కేసులలో బాధితురాలు సమ్మతి లేదని చెబితే సమ్మతి లేనట్లుగానే కోర్టు భావించాలన్న నియమాన్ని సాక్ష్య చట్టంలో 114ఏ సెక్షనుగా చేర్చారు. 2024 జూలై 1న పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చినా ఈ నియమం కొనసాగుతున్నది.

లేఖ రాసినవారిలో ఒకరైన లోతికా సర్కార్ జీవితం ఈ రెండు రంగాల సంబంధానికి నిదర్శనం. కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రం చదివిన ఆమె ఢిల్లీ విశ్వవిద్యాలయ న్యాయ విభాగంలో అధ్యాపకురాలిగా పనిచేశారు. భారతదేశంలో స్త్రీల స్థితిగతులపై 1974లో నివేదిక ఇచ్చిన ప్రభుత్వ సంఘంలో సభ్యురాలు. 1980లో వీణా మజుందార్ తదితరులతో కలిసి ఢిల్లీలో సెంటర్ ఫర్ విమెన్స్ డెవలప్‌మెంట్ స్టడీస్‌ను స్థాపించారు.

భారతదేశంలో నిబంధనలు

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయవిద్యా నిబంధనలలో 6వ నిబంధన, న్యాయ పట్టా చదువుతున్న విద్యార్థి అదే సమయంలో మరొక పట్టా లేదా స్నాతకోత్తర కోర్సులో నమోదు కారాదని చెబుతున్నది. ఒకే సంస్థ నడిపే ఐదు సంవత్సరాల సమీకృత కోర్సులకు దీని నుండి మినహాయింపు ఉన్నది. విశ్వవిద్యాలయ దూరవిద్యా కేంద్రాలు నడిపే కోర్సులకు, భాష, కంప్యూటరు వంటి విషయాలలో స్వల్పకాలిక సర్టిఫికెట్ కోర్సులకు కూడా మినహాయింపు కలదు.

2022 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అనగా యు.జి.సి., రెండు పట్టాలను ఏకకాలంలో చదవడానికి అనుమతించినది. అప్పుడు పత్రికలలో వచ్చిన శీర్షికలను చూసి న్యాయ విద్యార్థులకు కూడా దారి తెరుచుకున్నదని చాలామంది భావించారు. కానీ ఆ మార్గదర్శకాలే సంబంధిత వృత్తి మండళ్ల నియమాలు వర్తిస్తాయని స్పష్టం చేశాయి. న్యాయవిద్య విషయంలో ఆ మండలి బార్ కౌన్సిలే. కనుక ఉదయం ఒక కళాశాలలో ఎల్.ఎల్.బి., సాయంత్రం మరొక విశ్వవిద్యాలయంలో రెగ్యులర్ ఎం.ఏ. చదివిన విద్యార్థి, తరువాత న్యాయవాదిగా నమోదు చేసుకునే సమయంలో చిక్కులలో పడే ప్రమాదం ఉన్నది.

అందువలన ఇక్కడ ఆచరణసాధ్యమైన మార్గాలు కొన్నే. జెండర్ అధ్యయనంలో ఎం.ఏ. ముగించి మూడు సంవత్సరాల ఎల్.ఎల్.బి.లో చేరడం ఒకటి. ఐదు సంవత్సరాల బి.ఏ., ఎల్.ఎల్.బి. తరువాత ఎం.ఏ. కానీ, స్త్రీలు, చట్టం అన్న అంశంపై ఎల్.ఎల్.ఎం. పరిశోధన కానీ చేయడం రెండవది. ఎల్.ఎల్.బి. చదువుతూనే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా దూరవిద్యలో మహిళా, జెండర్ అధ్యయనం ఎం.ఏ. చదవడం మూడవది. జంట పట్టాకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది ఈ మూడవ మార్గమే. అయితే అమెరికా పద్ధతిలో వలె ఒక కోర్సు రెండు చోట్లా లెక్కకు రాదు కనుక శ్రమ తగ్గదు.

తెలుగునాట

స్త్రీలు, చట్టం అన్న విషయంలో తెలుగునాట జరిగిన కృషిలో ప్రధాన భాగం తరగతి గదుల వెలుపల జరిగినది. 1985లో హైదరాబాదులో ఏర్పడిన అన్వేషి మహిళా అధ్యయన పరిశోధన కేంద్రం ఏ విశ్వవిద్యాలయానికీ అనుబంధం కాని సంస్థ. ఉమ్మడి పౌరస్మృతిపై దేశమంతటా వాదోపవాదాలు జరుగుతున్న రోజులలో, ఈ సంస్థకు చెందిన న్యాయ సంఘం 1997లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక వ్యాసం ప్రచురించినది. స్త్రీలకు న్యాయం అన్నది కేవలం చట్టానికి సంబంధించిన విషయమేనా అని ఆ వ్యాసం శీర్షికలోనే ప్రశ్నించినది. చట్టం మారితే స్త్రీల స్థితి దానంతట అదే మారుతుందన్న నమ్మకాన్ని, ఆ చర్చలో మత, రాజకీయ ప్రయోజనాలను అది పరిశీలనకు పెట్టినది. జెండర్, న్యాయం కలిపి చదివే విద్యార్థులు ఎక్కడ చదివినా ఈ వ్యాసాన్ని చదవడం మంచిది.

విశ్వవిద్యాలయాలలో రెండు విభాగాలూ పక్కపక్కనే ఉన్న చోట్లు లేకపోలేదు. 1983లో స్థాపించిన తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో మహిళా అధ్యయనం, న్యాయశాస్త్రం రెండూ బోధిస్తారు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయ కళాశాలతో పాటు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరిట మహిళా అధ్యయన కేంద్రం ఉన్నది. రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయి స్వయంగా న్యాయవాది, రాజ్యాంగ సభ సభ్యురాలు, స్త్రీ విద్యపై 1958లో ఏర్పడిన జాతీయ సంఘానికి అధ్యక్షురాలు. ఆ కేంద్రానికి ఆమె పేరు తగినదే. హైదరాబాదులో 1998లో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఏర్పడగా, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో మహిళా అధ్యయన కేంద్రం పనిచేస్తున్నది.

ఈ రెండు శాస్త్రాల అవసరం ఎంతటిదో 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఇచ్చిన తీర్పు తెలియజేస్తుంది. నిజాం పాలనలో 1329 ఫసలీలో, అనగా 1919లో, నపుంసకుల చట్టం పేరుతో ఒక శాసనం చేశారు. హైదరాబాదు నగరంలోని ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పేర్లు రిజిస్టరులో నమోదు చేయాలని, స్త్రీల దుస్తులతో బహిరంగంగా కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చునని అది చెప్పినది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా, సంస్థానం విలీనమైనా, రాష్ట్రాలు రెండుసార్లు మారినా ఆ శాసనం పుస్తకాలలో అలాగే ఉండిపోయినది. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతీ వసంత మొగ్లి తదితరులు వేసిన వ్యాజ్యంలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్ నాయకత్వంలోని ధర్మాసనం, రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు అది విరుద్ధమని కొట్టివేసినది.

ఖర్చు, వీసా, ఉపాధి

అమెరికాలో న్యాయవిద్య ఖర్చుతో కూడినది. నాలుగవ సంవత్సరం అదనంగా చేరడమంటే ఆ సంవత్సరపు రుసుము, నివాస ఖర్చుతో పాటు ఒక సంవత్సరపు సంపాదనను కూడా వదులుకోవడమే. ఈ పట్టాదారులు ఎక్కువగా ఎంచుకునే ప్రజాహిత న్యాయ సంస్థలలో జీతాలు పెద్ద న్యాయ సంస్థల జీతాలతో పోలిస్తే చాలా తక్కువ. ప్రభుత్వ లేదా లాభాపేక్ష లేని సంస్థలలో పనిచేస్తూ 120 నెలసరి వాయిదాలు చెల్లించినవారికి మిగిలిన ఫెడరల్ విద్యారుణాన్ని మాఫీ చేసే పథకం 2007 చట్టంతో వచ్చినది. 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుండి కొత్తగా రుణం తీసుకునే వృత్తివిద్యా విద్యార్థులకు సంవత్సరానికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 డాలర్ల పరిమితి విధించారు. ఎం.ఏ. వంటి ఇతర స్నాతకోత్తర చదువులకు పరిమితి ఇంకా తక్కువ. విద్యార్థి వీసాపై వెళ్లేవారికి ఈ ఫెడరల్ రుణాలు అసలే వర్తించవు.

తెలుగు రాష్ట్రాల నుండి వెళ్లే విద్యార్థులు గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. ఇంజనీరింగు, కంప్యూటరు చదువులవారికి చదువు తరువాతి పని అనుమతిపై 24 నెలల అదనపు గడువు లభిస్తుంది. న్యాయశాస్త్రానికి కానీ, జెండర్ అధ్యయనానికి కానీ ఆ సౌకర్యం లేదు. 12 నెలలతోనే సరిపెట్టుకోవాలి. ఇంజనీరింగు చదివిన అన్న లేదా అక్క అనుభవాన్ని చూసి ఇంట్లోవారు వేసే లెక్క ఇక్కడ పొరపాటు అవుతుంది. భారతదేశంలో ఇప్పటికే ఎల్.ఎల్.బి. చేసినవారికి తిరిగి మూడు సంవత్సరాల జె.డి. అవసరం సాధారణంగా ఉండదు. ఒక సంవత్సరపు ఎల్.ఎల్.ఎం. తరువాత న్యూయార్కు వంటి కొన్ని రాష్ట్రాలు షరతులతో బార్ పరీక్ష రాయనిస్తాయి. అమెరికాలో జె.డి. చేసి తిరిగివచ్చి ఇక్కడ న్యాయవాద వృత్తి చేపట్టదలచిన భారతీయ పౌరులు, ఆ పట్టాకు బార్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదో లేదో చూసుకొని, కౌన్సిల్ నిర్వహించే అర్హత పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి.

భారతదేశంలో ఈ తరహా చదువుకు ఉపాధి చూపిన చట్టాలలో 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ముఖ్యమైనది. 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల నుండి ఈ చట్టం రూపొందినది. పది లేదా అంతకు ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత సంఘం ఉండాలని, అందులో ఒకరు స్త్రీల సమస్యలపై పనిచేసే సంస్థ నుండి కానీ, ఈ విషయంలో పరిచయం ఉన్నవారి నుండి కానీ బయటి సభ్యులుగా రావాలని చట్టం చెబుతున్నది. విచారణ నియమాలు, జెండర్ అవగాహన రెండూ తెలిసినవారు ఈ స్థానానికి అవసరం. రెండవది తెలియనివారితో సంఘాలను నింపడం వలన చట్టం కాగితం మీదనే మిగిలిపోతున్నదని మహిళా సంఘాలు విమర్శిస్తున్నాయి. గృహహింస కేసులు, కుటుంబ న్యాయస్థానాలు, మహిళా కమిషన్లు, విధాన పరిశోధన, అధ్యాపక వృత్తి ఇతర మార్గాలు.

మనుగడ సమస్య

జంట పట్టాలోని రెండు సగాలకు రక్షణ ఒకే స్థాయిలో లేదు. న్యాయ పట్టా వృత్తి ప్రవేశానికి తప్పనిసరి కనుక దానిని ఎవరూ తొలగించరు. జెండర్ అధ్యయనం మాత్రం ప్రభుత్వాల ఇష్టాయిష్టాలపై ఆధారపడుతున్నది. 2023 ఆగస్టులో ఫ్లోరిడా రాష్ట్రంలోని న్యూ కాలేజ్ పాలకమండలి తమ జెండర్ అధ్యయన కార్యక్రమాన్ని మూసివేసే దిశగా తీర్మానించినది. ఒహాయో రాష్ట్రంలో 2025లో అమలులోకి వచ్చిన ఉన్నత విద్యా చట్టం, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో మూడు సంవత్సరాల సగటున ఏటా ఐదుగురికంటే తక్కువమంది ఉత్తీర్ణులయ్యే బ్యాచిలర్ కోర్సులను తొలగించవలెనని ఆదేశించినది. ఎం.ఏ. కోర్సులను ఆ నియమం నేరుగా తాకదు. కానీ ఎం.ఏ.కు విద్యార్థులూ అధ్యాపకులూ వచ్చేది చిన్న చిన్న బ్యాచిలర్ విభాగాల నుండే.

హంగేరీ ప్రభుత్వం 2018 అక్టోబరులో ఒక ఉత్తర్వు ద్వారా దేశంలో అనుమతించిన మాస్టర్స్ కోర్సుల జాబితా నుండి జెండర్ అధ్యయనాన్ని తొలగించినది. బుడాపెస్టులో రెండు విశ్వవిద్యాలయాలపై దీని ప్రభావం పడినది. వాటిలో ఒకటైన సెంట్రల్ యూరోపియన్ విశ్వవిద్యాలయం, మరికొన్ని వివాదాల నేపథ్యంలో, 2019లో తన బోధనను వియన్నా నగరానికి మార్చుకున్నది. ఉత్తర్వు వచ్చేనాటికే ఆ కోర్సులో చేరి ఉన్నవారిని చదువు పూర్తి చేయనిచ్చారు.